అశోక్ నగర్ డాబా మీద మూడు కిలోమీటర్ల గీత

సంక్రాంతికి చిక్కడపల్లి డాబాల మీద ఎగిరే పతంగి చట్టం దృష్టిలో ఏమిటో తెలుసా? విమానం. జోక్ కాదు. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ యాక్ట్ విమానానికి ఇచ్చిన నిర్వచనంలో బెలూన్లు, గ్లైడర్లతో పాటు గాలిపటాలు కూడా పేరు పెట్టి మరీ ఉన్నాయి. గాలి ఆసరాతో పైన నిలబడగలిగే యంత్రం ఏదైనా విమానమే అన్నమాట. ఆ చట్టం తొంభై ఏళ్ళు నడిచింది. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2024 అమల్లోకి వచ్చింది. పేరు చూసి భయపడకండి, విషయం అదే: ఆకాశంలోకి ఏది పంపినా అది ప్రభుత్వానికి సంబంధించిన విషయమే.

ఈ వ్యాసం ఎందుకంటే, ఉగాది సభకి త్యాగరాయ గానసభ దగ్గర డ్రోన్ షాట్ తీయొచ్చా అని మన క్లబ్‌లో ఒకరు అడిగారు. అదే వారంలో అశోక్ నగర్‌లో రూమ్ తీసుకుని ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చేస్తున్న సీనియర్లు కూడా డాబా మీద టెస్టింగ్ చేసుకోవచ్చా అని అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు: అనుమతి లేకుండా కుదరదు. కానీ ‘కుదరదు’ అని ఒక్క ముక్క చెప్తే ఎవరూ వినరు, నేనూ వినను. ఎందుకు కుదరదో లెక్క వేసి చూస్తే మాత్రం ఈ సబ్జెక్ట్ మన సిలబస్‌లో ఉన్న సగం పేపర్ల కంటే ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

ముందు కొంచెం చరిత్ర.

రాజధాని దగ్గర చిన్న విమానం అంటే ప్రభుత్వాలకి ఎందుకంత భయం? పెద్ద విమానాలకి టైమ్‌టేబుల్ ఉంటుంది, కంపెనీ ఉంటుంది, ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ చెక్ ఉంటుంది. చిన్న ప్రైవేట్ విమానం అలా కాదు. నలుగురు కూర్చునే సెస్నా లాంటిది పొలం పక్కన ఉన్న చిన్న రన్‌వే మీద నుంచి కూడా లేస్తుంది. తక్కువ ఎత్తులో, నెమ్మదిగా వెళ్తుంది. రాడార్‌కి అది ఒక్కోసారి విమానంలా, ఒక్కోసారి పక్షుల గుంపులా కనిపిస్తుంది.

దీనికి అందరూ చెప్పే కథ మథియాస్ రస్ట్‌ది. 1987 మే 28న ఈ పశ్చిమ జర్మనీ కుర్రాడు అద్దె సెస్నా 172 వేసుకుని హెల్సింకీ నుంచి బయల్దేరి, సోవియట్ సరిహద్దు దాటి, నేరుగా మాస్కోలో రెడ్ స్క్వేర్ పక్కన దిగాడు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులుంది. అంటే మన వయసే. మనం ఆ వయసులో బండి లైసెన్స్ కోసం ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరుగుతుంటాం. చిత్రం ఏంటంటే అతను కనిపించకుండా వెళ్ళలేదు. రాడార్లు చూశాయి, ఒక ఫైటర్ విమానం దగ్గరికి వచ్చి కూడా చూసి వెళ్ళింది. కానీ దారి పొడవునా ఎక్కడో ఒక చోట ‘మనవాడే’ అని ముద్ర పడుతూ వచ్చింది. డేటా ఉంది, లేబుల్ తప్పు. మెషీన్ లెర్నింగ్ క్లాసులో ఫాల్స్ నెగటివ్ అంటాం కదా, అదే. దాని ఖరీదు సోవియట్ రక్షణ మంత్రి సొకొలోవ్ పదవి, వైమానిక రక్షణ అధిపతి కొల్దునోవ్ పదవి. రస్ట్‌కి నాలుగేళ్ళ శిక్ష వేశారు, ఏడాది పైచిలుకు తర్వాత 1988 ఆగస్టులో వదిలేశారు.

వాషింగ్టన్‌లో 1994 సెప్టెంబర్ 12న తెల్లవారుజామున ఒకతను దొంగిలించిన సెస్నాతో వైట్ హౌస్ పచ్చికలో కూలిపోయాడు. చనిపోయింది అతనొక్కడే. అప్పటికి అదొక వింత వార్తలా పోయింది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత మాత్రం వింతలకి చోటు లేకుండా పోయింది. 2003లో వాషింగ్టన్ చుట్టూ ఒక ప్రత్యేక గగనతలం గీశారు. 2009లో దాన్ని పర్మనెంట్ చేశారు. వ్యాసార్థం 30 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 55 కిలోమీటర్లు. 18,000 అడుగుల లోపు ఎగిరే ప్రతి విమానం ముందే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, కంట్రోలర్‌తో రేడియోలో మాట్లాడుతూ ఉండాలి, తనకిచ్చిన కోడ్‌ని ట్రాన్స్‌పాండర్‌లో పెట్టుకోవాలి. లోపల ఇంకా చిన్న వృత్తం ఒకటుంది, అందులోకి మామూలు ప్రైవేట్ పైలట్లకి దాదాపు ప్రవేశం లేదు.

ఆ వృత్తాన్ని తెచ్చి మన సచివాలయం మీద పెట్టి చూడండి. ఒక వైపు భువనగిరి, ఇంకో వైపు చేవెళ్ళ రెండూ లోపలే. శంషాబాద్ సంగతి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఆ కోడ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి పోలేను, ఎందుకంటే అది పూర్తిగా మన డిపార్ట్‌మెంట్ విషయం. ట్రాన్స్‌పాండర్ కోడ్‌లో నాలుగు అంకెలుంటాయి, కానీ ప్రతి అంకె 0 నుంచి 7 వరకే. 8, 9 ఉండవు. అంటే ఆక్టల్. ఎనిమిదిని నాలుగు సార్లు గుణిస్తే 4096, అంటే సరిగ్గా 12 బిట్లు. మొత్తం ప్రపంచం విమానాల గుర్తింపు పన్నెండు బిట్లలో సర్దుకుపోయింది! అందులో 7500 అంటే హైజాక్, 7600 అంటే రేడియో పోయింది, 7700 అంటే ఎమర్జెన్సీ. అమెరికాలో మామూలుగా కంటితో చూసుకుంటూ ఎగిరే చిన్న విమానాలన్నీ 1200 పెట్టుకుంటాయి. ఒక రకంగా అది గెస్ట్ లాగిన్. వాషింగ్టన్ వృత్తంలో ఆ గెస్ట్ లాగిన్ చెల్లదు. నీకు నీ సొంత కోడ్ ఉండాలి. ఫస్ట్ ఇయర్‌లో ఆక్టల్ నంబర్లు ఎందుకు నేర్పిస్తున్నారు, ఎవడు వాడతాడు అని గొణుక్కున్న వాళ్ళకి ఇది సమాధానం.

సరే, 55 కిలోమీటర్లు ఎందుకు? 20 ఎందుకు కాదు? ఎవరో టేబుల్ మీద స్కేలు పెట్టి గీసిన అంకె అనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. సెస్నా వేగం గంటకి 100 నాటికల్ మైళ్ళు అనుకుందాం. 30 మైళ్ళు దాటడానికి 18 నిమిషాలు. ఆ 18 నిమిషాల్లో జరగాల్సిన పనులు చూడండి: రాడార్ మీద చుక్క కనిపించాలి, అది ఎవరో కనుక్కోవాలి, రేడియోలో పిలవాలి, జవాబు రాకపోతే హెలికాప్టరో ఫైటరో లేవాలి, వెళ్ళి కళ్ళతో చూడాలి, సైగలు చేయాలి, అప్పటికీ తిరక్కపోతే కూల్చాలా వద్దా అని ఎవరో ఒక మనిషి నిర్ణయించాలి. లోపల ఉన్నది దారి తప్పిన ముసలాయనా, చెడు ఉద్దేశం ఉన్నవాడా అన్నది ఆ మనిషికి తెలీదు. వృత్తం అంటే దూరం కాదు, టైమ్. ఆలోచించుకోవడానికి దొరికే నిమిషాల్ని కిలోమీటర్లలో రాసుకున్నారంతే.

2005 మే 11న సరిగ్గా ఇదే జరిగింది. పెన్సిల్వేనియా నుంచి ఒక ఎయిర్ షోకి వెళ్తున్న చిన్న సెస్నా 150 దారి తప్పి వాషింగ్టన్ వైపు వచ్చేసింది. అందులో ఉన్న ఇద్దరిలో ఒకరు ఇంకా నేర్చుకుంటున్న పైలట్. వైట్ హౌస్, పార్లమెంట్ భవనం ఖాళీ చేయించారు. వేలమంది రోడ్ల మీద పరుగులు తీశారు. ఎఫ్-16లు మంటలు వదిలి హెచ్చరించాకే అది పక్కకి తిరిగింది. చివరికి తేలింది వాళ్ళు దారి తప్పారని, అంతే. ఫాల్స్ పాజిటివ్. ఆ నెలలోనే అక్కడ కొత్త పద్ధతి మొదలుపెట్టారు: రేడియోకి పలకని విమానం మీదికి నేల మీద నుంచి ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ లేజర్ కాంతి వేస్తారు. ‘నువ్వు రాకూడని చోట ఉన్నావు, వెనక్కి తిరుగు’ అని దాని అర్థం. భాష అక్కర్లేని వాక్యం.

ఆ వృత్తం లోపలే కాలేజ్ పార్క్ అని ఒక చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది. 1909లో మొదలైంది. ఆపకుండా నడుస్తున్న విమానాశ్రయాల్లో ప్రపంచంలోనే పాతదని చెప్తారు. విల్బర్ రైట్ స్వయంగా సైనికాధికారులకి విమానం నేర్పిన నేల అది. 2001 తర్వాత నెలల తరబడి మూసేశారు, తెరిచాక కూడా పైలట్లు వేలిముద్రలు ఇచ్చి, ప్రత్యేకంగా పేరు నమోదు చేసుకుంటేనే దిగనిచ్చారు. విమానాలు పుట్టిన కాలం నాటి చోటే విమానాలకి కష్టమైన చోటు అయింది. సెక్యూరిటీ ఫ్రీగా రాదు, ఎవరో ఒకరు కడతారు. ఎవరు కడుతున్నారో చూడటం మనకి అలవాటు లేదు.

మన హైదరాబాద్‌కి వద్దాం

మన దగ్గర సెస్నా కొనుక్కుని ఆదివారం షికారుకి వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఉంటారు! మనిషి కూర్చుని నడిపే విమానానికి దేశంలో మామూలుగా ఫ్లైట్ ప్లాన్‌తో పాటు ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ అని ఒక నంబర్ తీసుకోవాలి. అంటే సివిల్ వాళ్ళకే కాదు, వైమానిక రక్షణ వాళ్ళకి కూడా నువ్వెవరో ముందే తెలియాలి. కాగితం ఉంటే సరిపోతుందా అంటే, పురూలియా గుర్తు చేసుకోవాలి. 1995 డిసెంబర్ 17 రాత్రి ఒక ఆంటనోవ్ 26 విమానం పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఊళ్ళ మీద వందల తుపాకులు పారాచూట్లతో వదిలేసి పోయింది. దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చిన విమానం కాదది. వారణాసిలో అందరిలాగే దిగి ఇంధనం పోయించుకుని కోల్‌కతా దారి పట్టిన విమానం. కొన్ని రోజుల తర్వాత మళ్ళీ మన గగనతలంలోకి వచ్చినప్పుడు బొంబాయిలో దింపించారు. లాగిన్ సరైనదే, లోపలికి వచ్చాక ఏం చేస్తున్నాడో ఎవరూ చూడలేదు. ఆథెంటికేషన్ ఉంది, మానిటరింగ్ లేదు.

మన గల్లీల్లో మాత్రం చిన్న ప్రైవేట్ విమానం అంటే డ్రోనే. నారాయణగూడలో పెళ్ళి ఫోటోలు తీసే షాపుల్లో అడగండి, ప్యాకేజీలో డ్రోన్ షాట్ ఉందా అని. ఇప్పుడది అందరూ అడిగే ఐటమ్. అందుకే ఈ రూల్స్ అమెరికా పైలట్ల గొడవ కాదు, మన గొడవ.

రూల్స్ ఎలా మారాయో చూస్తే ఒక కథలా ఉంటుంది. 2014 అక్టోబర్‌లో డీజీసీఏ ఒక్క నోటీసుతో మామూలు జనం డ్రోన్లు ఎగరేయడమే ఆపేసింది. 2018 ఆగస్టు 27న మొదటి సరైన నిబంధనలు వచ్చాయి, డిసెంబర్ 1 నుంచి అమలు. అందులో ఎగరకూడని చోట్ల జాబితా ఉంది. ఢిల్లీలో విజయ్ చౌక్ చుట్టూ 5 కిలోమీటర్లు. హైదరాబాద్‌తో సహా పెద్ద ఎయిర్‌పోర్టుల ప్రహరీ నుంచి 5 కిలోమీటర్లు. రాష్ట్ర రాజధానుల్లో సచివాలయం నుంచి 3 కిలోమీటర్లు.

ఆ చివరిది చదవగానే నేను ఫోన్‌లో మ్యాప్ తెరిచాను. మీరూ తెరవండి. సచివాలయం దగ్గర ఒక వేలు, నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక వేలు పెట్టి కోఆర్డినేట్లు రాసుకోండి. ఇంత చిన్న దూరాలకి భూమి గుండ్రం గురించి బెంగపడక్కర్లేదు, పైథాగరస్ చాలు. అక్షాంశంలో 0.01 డిగ్రీ తేడా అంటే 1.11 కిలోమీటర్లు. రేఖాంశంలో అదే 0.01 మన హైదరాబాద్ దగ్గర 1.06 కిలోమీటర్లే, ఎందుకంటే రేఖాంశాలు ధ్రువాల వైపు దగ్గరవుతూ పోతాయి, కాబట్టి 17.4 డిగ్రీల కొసైన్‌తో గుణించాలి. రెండు తేడాల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే నారాయణగూడ సుమారు రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. అశోక్ నగర్ రెండు కిలోమీటర్ల లోపే. చిక్కడపల్లి మెట్రో స్టేషన్ మూడు కిలోమీటర్ల గీతకి బాగా దగ్గర్లో ఉంటుంది. అంటే అప్పటి రూల్ ప్రకారం మన మూడు పేటల్లో రెండు పూర్తిగా లోపల, మూడోది గీత పక్కన.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే బగ్ ఒకటుంది. వృత్తానికి కేంద్రం సచివాలయం. కానీ 2019లో సచివాలయం పక్కనే ఉన్న బూర్గుల రామకృష్ణారావు భవన్‌కి మారింది, 2020లో పాత భవనాలు కూల్చారు, 2023 ఏప్రిల్ 30న పాత స్థలంలోనే కొత్తది ప్రారంభమైంది. మరి ఈ మధ్యలో కేంద్రం ఏది? ఆఫీసు ఎక్కడుంటే అదా, బోర్డు ఎక్కడుంటే అదా? దూరం కాంప్లెక్స్ నడిమధ్య నుంచి కొలవాలా, ప్రహరీ నుంచి కొలవాలా? కొన్ని వందల మీటర్ల తేడాతో చిక్కడపల్లిలో ఒక గల్లీ లోపలికీ బయటికీ మారిపోతుంది. రూల్‌ని వాక్యంలో రాస్తే వచ్చే తిప్పలు ఇవి. కోడ్‌లో కాన్‌స్టంట్ పెట్టేసి మర్చిపోయినట్టు.

2021లో ఆ తిప్పలకి మందు దొరికింది. వాక్యం బదులు మ్యాప్. ఆ ఏడాది ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ దేశం మొత్తాన్నీ మూడు రంగులు చేశాయి. పచ్చ రంగులో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. పసుపులో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి, అంటే మనలాంటి వాళ్ళకి లేదనే అర్థం. సెప్టెంబర్ 24న ఆ మ్యాప్ డిజిటల్ స్కై అనే వెబ్‌సైట్‌లో పెట్టారు. ఫారాలు 25 నుంచి 5కి, ఫీజుల రకాలు 72 నుంచి 4కి తగ్గించారు.

టైమింగ్ గమనించారా? 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు పడేశారు. మన దేశంలో సైనిక స్థావరం మీద అలాంటి దాడి అదే మొదటిది. దానికి రెండు నెలలు తిరక్కుండానే ప్రభుత్వం రూల్స్ బిగించాల్సింది పోయి సడలించింది. నాకైతే ఇది సరైన పనే అనిపిస్తుంది. బాంబు కట్టి పంపేవాడు 25 ఫారాలు నింపడు, 5 కూడా నింపడు. ఫారాల వల్ల ఆగేది పొలంలో మందు కొట్టే రైతూ, ప్రాజెక్ట్ చేసే స్టూడెంటూ మాత్రమే.

అయితే మన పేటలు ఏ రంగు? ఇక్కడ చాలామంది బోల్తా పడేది బేగంపేట దగ్గర. 2008 మార్చి 23న శంషాబాద్ మొదలయ్యాక బేగంపేట మూతపడింది అనుకుంటారు. మూతపడింది టికెట్ కొనుక్కుని ఎక్కే విమానాలకి. వీఐపీ విమానాలు, చిన్న ప్రైవేట్ విమానాలు, వైమానిక దళం వాళ్ళు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. ఎయిర్ షోలు అక్కడే జరుగుతాయి. 2010 మార్చి 3న అలాంటి షోలోనే నౌకాదళం వాళ్ళ సాగర్ పవన్ జట్టు విమానం ఒకటి బోయిన్‌పల్లిలో ఇళ్ళ మీద కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. ఊరి మధ్య ఆకాశం ఎంత ఇరుకో ఆ రోజు తెలిసింది. కాబట్టి చట్టం దృష్టిలో బేగంపేట పనిచేస్తున్న విమానాశ్రయమే. రూల్ ప్రకారం పనిచేస్తున్న ఎయిర్‌పోర్ట్ ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగుల వరకే పచ్చ. 8 లోపల నేల మీద నుంచే పచ్చ లేదు. అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ మూడూ ఆ 8 లోపలే పడతాయి. సచివాలయం సంగతి పక్కన పెట్టినా ఇదొక్కటే చాలు.

200 అడుగులంటే ఎంతో ఊహకి అందకపోతే ట్యాంక్‌బండ్ వైపు చూడండి. అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 175 అడుగులు. దాని తల మీద ఇంకో రెండంతస్తులు.

‘నాది 250 గ్రాముల లోపు బొమ్మ డ్రోన్, దానికి రూల్స్ లేవు’ అనే మాట కూడా వింటుంటాం. నానో డ్రోన్‌కీ, సరదాకి ఎగరేసే 2 కిలోల లోపు డ్రోన్‌కీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదన్నది నిజం. కానీ రంగులు అన్నిటికీ ఒకటే. సైకిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, అలా అని ఫ్లైఓవర్ మీద రాంగ్ రూట్‌లో తొక్కితే ఊరుకోరు కదా. రూల్ తప్పితే జరిమానా లక్ష రూపాయల వరకు ఉండొచ్చు. సర్టిఫికెట్ కావాలనుకునే వాళ్ళకి వయసు 18 నిండాలి, పది పాసై ఉండాలి, ట్రైనింగ్ చేయాలి. అది మనందరికీ అందేదే.

రంగుల మ్యాప్ మీద ఇంకో పొర ఉంది, తాత్కాలికమైనది. అవసరం వస్తే రాష్ట్ర ప్రభుత్వమో పోలీసులో ఒక చోటుని ఒక్కోసారికి గరిష్ఠంగా 96 గంటల పాటు ఎరుపు చేసేయొచ్చు. ఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి చేయాలి, మ్యాప్‌లో చూపించాలి. ఇది కాక ప్రధాని, రాష్ట్రపతి లాంటి వాళ్ళు వచ్చినప్పుడు పోలీస్ కమిషనర్లు విడిగా ఆర్డర్లు ఇస్తుంటారు. డ్రోన్లు, పారాగ్లైడర్లు, రిమోట్‌తో నడిచే మైక్రోలైట్ విమానాలు నిషేధం అని పేపర్లో చిన్న వార్త వస్తుంది చూడండి, అదే. రాష్ట్రపతి శీతాకాలంలో బొల్లారం రాష్ట్రపతి నిలయానికి వచ్చే రోజులు, పంద్రాగస్టు, జనవరి 26. నిన్న సరే అన్న చోటు ఈ రోజు కాదు. అందుకే నెల కింద తీసిన స్క్రీన్‌షాట్ చూపించి ‘అన్నా, ఇక్కడ ఓకే’ అంటే కుదరదు. క్యాష్ క్లియర్ చేసి మళ్ళీ చూడాల్సిందే.

ఇప్పుడు ఆ 18 నిమిషాల లెక్కే మన దగ్గర వేయండి. మామూలు కెమెరా డ్రోన్ సెకనుకి 15 మీటర్లు వెళ్తుంది అనుకుందాం. 3 కిలోమీటర్లకి 200 సెకన్లు. అశోక్ నగర్ నుంచి అయితే రెండు నిమిషాలు కూడా పట్టదు. ఈ రెండు నిమిషాల్లో గేటు దగ్గర ఉన్న కానిస్టేబుల్‌కి పైన ఏదో కనిపించి, అది పెళ్ళి కెమెరానా ఇంకోటా తేల్చుకుని, పైవాళ్ళకి చెప్పి, వాళ్ళు ఏదో ఒకటి చేయాలి. చుట్టుపక్కల ఇరవై పెళ్ళి డ్రోన్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే అది అసలు సాధ్యమేనా? ఇదీ నాకు అర్థమైన అసలు కిటుకు. ఈ గీత చెడ్డవాడిని ఆపదు. మిగతా అందర్నీ బయట ఉంచి ఆకాశాన్ని ఖాళీగా ఉంచుతుంది, అప్పుడు వచ్చిన ఒక్క చుక్క కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సిగ్నల్ పెంచలేం కాబట్టి నాయిస్ తగ్గిస్తున్నారు. సంక్రాంతి రోజు మన డాబాల మీద ఆకాశం చూస్తే నాయిస్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

దీన్నంతా మనుషుల మీద వదలకుండా డ్రోన్‌లోనే పెట్టేయాలన్న ఆలోచన 2018లోనే వచ్చింది. ‘నో పర్మిషన్, నో టేకాఫ్’ అని పేరు. నువ్వు అనుమతి అడిగితే సర్వర్ నుంచి డిజిటల్ సంతకం ఉన్న ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్ వస్తుంది. అందులో ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని ఉంటుంది. డ్రోన్ లేచే ముందు సంతకం సరైనదేనా, జీపీఎస్ ప్రకారం నేను ఆ బహుభుజి లోపలే ఉన్నానా అని చూసుకుంటుంది. లేకపోతే మోటార్లు తిరగవు. బహుభుజి లోపల ఉన్నామో లేదో తేల్చే అల్గారిథమ్ మీకు తెలిసిందే, బిందువు నుంచి ఒక గీత గీసి అంచుల్ని ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టడం: బేసి అయితే లోపల, సరి అయితే బయట. చూడ్డానికి భలే అందమైన డిజైన్. కానీ సొంతంగా పార్టులు కొని, ఓపెన్ సోర్స్ కోడ్ ఎక్కించుకుని తయారుచేసిన డ్రోన్‌లో ఆ చెక్ ఎవరు రాస్తారు? ఉన్నదాన్ని తీసేయడం ఎంత పని? 2021 రూల్స్ దాన్ని తప్పనిసరి చేయకుండా, ముందు ముందు తేవచ్చు అని పక్కన పెట్టాయి. తేవాలంటే తయారీదారులకి కనీసం ఆరు నెలల టైమ్ ఇవ్వాలి.

నాకు మిగిలిన ఫిర్యాదు ఒకటే, అది సెక్యూరిటీ గురించి కాదు, భాష గురించి. నేను చదివింది మొత్తం ఇంగ్లీష్ మీడియం. ‘గగనతలం’ అనే మాట ఈ వ్యాసం రాస్తుంటేనే నా నోటికి అలవాటయింది. నాకే రూల్స్ అర్థం చేసుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. చిక్కడపల్లిలో పెళ్ళి వీడియోలు తీసే అన్న తెలుగులో అడుగుతాడు, కస్టమర్ తెలుగులో ‘పైనుంచి షాట్ కావాలి’ అంటాడు, పట్టుకునే కానిస్టేబుల్ కూడా తెలుగులోనే తిడతాడు. రూల్ ఒక్కటే ఇంగ్లీషులో కూర్చుంది. ప్యాకేజీలో డ్రోన్ లేకపోతే ఆర్డర్ పక్క షాపుకి పోతుంది. ఉంటే, పట్టుబడిన రోజు ఆ సీజన్ సంపాదన జరిమానాకి పోతుంది. కాలేజ్ పార్క్ పైలట్లకి కనీసం ఆన్‌లైన్ కోర్సు పెట్టి, పాసైతే చేతికి సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడ ఈయనకి ఒక్క పేజీ కూడా ఇచ్చినవాళ్ళు లేరు.

సీనియర్లకి నా సలహా: డాబా వదిలేయండి. కోడ్‌ని ముందు సిమ్యులేటర్‌లో నడపండి, రెక్కలు లేకుండా మోటార్లు బెంచ్ మీద తిప్పి చూడండి, ఎగరేయాల్సిన రోజు ఊరి బయట పచ్చ రంగు చోటుకి బస్సెక్కండి. బయల్దేరే ముందు ఒకసారి, దిగాక ఒకసారి మ్యాప్ చూడండి. ఉగాది సభకి మాత్రం ఎదుటి బిల్డింగ్ మూడో అంతస్తు వాళ్ళని అడిగి బాల్కనీలో నుంచి తీద్దాం. రాత్రి కరెంటు దీపాల్లో గానసభ గేటు అక్కడి నుంచి బాగానే కనిపిస్తుంది.

ఆ ఒక్క పేజీ మనమే రాస్తే బాగుంటుందని నా ఉద్దేశం. పచ్చ, పసుపు, ఎరుపు, బేగంపేట, 96 గంటలు, లక్ష రూపాయలు, అంతే. పెద్ద అక్షరాల్లో, మామూలు తెలుగులో. నారాయణగూడ నుంచి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా ఉన్న ఫోటో స్టూడియోలకి తలో కాపీ ఇవ్వొచ్చు. ‘ఎయిర్‌స్పేస్’కీ ‘పెరిమీటర్’కీ షాపులో అన్నకి ఠక్కున అర్థమయ్యే తెలుగు మాటలు ఏవి వాడాలో నాకింకా తేలలేదు. ఈ శనివారం సాయంత్రం ఐదింటికి చిక్కడపల్లి లైబ్రరీ గేటు దగ్గర ఉంటాను. తెలుగు బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు రండి, చాయ్ నాది.